బొంబాయి ఆఫీసులో ఇవ్వాల్సిన డబ్బా

మా ఇంట్లో అద్దెకున్న ఇద్దరు తెల్లమ్మాయిలు మా గురించి వాళ్ల అమ్మలకు ఏమేం రాస్తున్నారో మొదటిసారి విన్నప్పుడు మా అమ్మకు నోట మాట రాలేదు. మా అమ్మకు! కోరుట్ల బస్టాండులో ఆమె ఒక్క కేక వేస్తే కదిలిన మెట్‌పల్లి బస్సు ఆగిపోయేది. అలాంటి మనిషి బియ్యం ఏరుతున్న చేట ఒళ్లో పెట్టుకొని అట్లాగే కూర్చుండిపోయింది.

"ఇంటి ముందర పేడనీళ్లు సల్లుతరని రాసినవా? మీ అమ్మకా?" అంది చివరికి.

"రాసిన అమ్మా" అంది పెద్దమ్మాయి సంతోషంగా. "రోజు పొద్దుగాల సల్లుతరు, మంచి వాసన వస్తది అని రాసిన."

"వాసన సుత రాసినవా! ఓరి దేవుడా, ఇగ మీ అమ్మ నిన్ను మా ఇంట్ల ఉండనిస్తదా?"

వాళ్లు క్రైస్తవ ప్రచారానికి వచ్చినవాళ్లు. ఎక్కడో మంచు పడే దేశం. జగిత్యాల ప్రార్థన మందిరం పాస్టరుగారు తీసుకొచ్చి మా ముందు గది అద్దెకు అడిగారు. మేం కల్లుగీసే కులం వాళ్లం. అమ్మ ఆ రోజే తేల్చి చెప్పింది: "మీ దేవుని ముచ్చట గడప అవతల చెప్పుకోండ్రి. గడప ఇవతల మా ఎల్లమ్మనే." పాస్టరుగారు నవ్వి ఒప్పుకున్నారు. వాళ్లు మేడిపల్లి చుట్టుపక్కల పల్లెలకు రోజూ బస్సులో వెళ్లి పిల్లలకు పాటలు నేర్పేవాళ్లు, పుండ్లకు మందు రాసేవాళ్లు. సాయంత్రం దుమ్ముకొట్టుకుపోయి ఇంటికి వచ్చేవాళ్లు.

వాళ్లకు తెలుగు నేర్పింది నేనే. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నాకు పుస్తకాల తెలుగు చెప్పాలనే ఉండేది గానీ, వాళ్ల నోట అమ్మ మాటే పడింది. ప్రతి శనివారం వాళ్లు ఇంటికి ఉత్తరం రాయాలని వాళ్ల సంఘం నియమమట. రాసినదాన్ని నాకు తెలుగులో మళ్లీ చెప్పాలని నేను నియమం పెట్టాను. అదే పాఠం. శనివారం మాపటికి మా అరుగు మీద వాళ్లిద్దరూ ఉత్తరాలు పట్టుకొని కూర్చుంటే, వినడానికి నేను, అమ్మ, పక్కింటి చిన్నమ్మ తయారు.

అవి విని మేం బిత్తరపోయేవాళ్లం. మేం రోజూ చేసే పనులే, వాళ్ల నోట వింటే ఎవరో పిచ్చివాళ్లు చేసే పనుల్లా ఉండేవి. బస్సులో సీటు దొరికితే, నిలబడ్డ ఆడమనిషి ఎవరో తెలియకపోయినా తన బిడ్డను తెచ్చి మన ఒళ్లో పెడుతుందట. పెట్టి అటు తిరిగి నిలబడుతుందట. చిన్నమ్మాయి అట్లా ఒక పిల్లవాణ్ణి పట్టుకొని జగిత్యాల దాకా వచ్చిందట. వాడు ఆమె జుట్టు పీకుతూనే ఉన్నాడట.

"ఒళ్లు ఖాళీగ ఉంటె కూసోవెట్టరా మరి?" అంది అమ్మ. "గిది సుత ఉత్తరంల రాసేదేనా?"

మొదటిసారి చూసినవాళ్లు కూడా పెండ్లెందుకు కాలేదని అడుగుతారట. నీళ్లిస్తే ఎవరూ థాంక్స్ అని కూడా అనకుండా తాగి చెంబు కింద పెడతారట. అది చాలదన్నట్టు, గోడ అవతలి మా పెద్దనాయిన పొద్దున్నే తెచ్చిచ్చిన కల్లు ముంతను వాళ్లు ఎట్లా తప్పించుకున్నారో కూడా రాశారు. ఒక శనివారం పెద్దమ్మాయి ఇంకో మాట చదివింది: "ఈ ఇంట్ల నాయిన గోడ మీద ఉంటడు. అమ్మ మాపటికి గోడ ముందర నిలవడి ఆయనకు అన్ని చెప్తది. బర్రె పాలియ్యకుంటె అది సుత చెప్తది."

పక్కింటి చిన్నమ్మ పడీపడీ నవ్వింది. అమ్మ నవ్వలేదు. "రాస్తె రాయనీ. ఉన్నమాటేనాయె" అంది.

ఉన్నమాటే. మా నాయిన గోడ మీద ఫోటోలో ఉండేవాడు. వెనక విమానం బొమ్మ, కళ్లకు నల్లద్దాలు, స్టూడియోవాడిచ్చిన కోటు. చెట్లు ఎండిపోయి, ఉన్న చెట్లను పొలాల వాళ్లు కొట్టించేసి, కల్లు పని మూలపడ్డాక ఆయన దుబాయ్‌కి బయలుదేరాడు. వాడకట్టంతా బస్టాండు దాకా వచ్చింది. డప్పులు కొట్టారు. మెడ నిండా దండలు వేశారు. మా అమ్మ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బొంబాయి బస్సు ఎక్కించింది. రెండేళ్లు దాటింది. అప్పటికి సెల్‌ఫోన్లు రాలేదు. ఫోన్ చేయాలంటే కంపెనీవాళ్లు ఒప్పుకోరని ఆయన రాశాడు.

ఉత్తరాలు మాత్రం వచ్చేవి. బ్రహ్మాండమైన ఉత్తరాలు. ఇసుకలో రోడ్లు, బస్సు నిండా చల్లగాలి, శుక్రవారం కోడి కూర, ఒంటెలను లారీలో ఎక్కించుకొని పోవడం. దుబాయ్‌కి నేరుగా రాస్తే ఉత్తరాలు పోతాయట. బొంబాయిలో కంపెనీ ఆఫీసు ఉందట, అక్కడికి రాస్తే వాళ్లే పంపిస్తారట. ఆయన ఉత్తరాలూ అక్కడి నుంచే వచ్చేవి. కవరు మీద మన స్టాంపే ఉండేది. ఇందులో వింతేముంది, ఆఫీసన్నాక అన్నీ చూసుకుంటుంది అనుకున్నాం. ఆ అడ్రసు కవర్ల మీద రాసీ రాసీ నాకు కంఠతా వచ్చింది.

పక్కింటి చిన్నమ్మ భర్త మస్కట్‌లో ఉండేవాడు. మా ఇంటికంటే ఆ ఇంటి గొప్ప ఎక్కువ. ఎవరైనా వస్తున్నారంటే చాలు, మస్కట్ నుంచి వచ్చిందని చెప్పే పులిబొమ్మ దుప్పటి తీసి దండెం మీద ఆరేసేది, అది తడవకపోయినా సరే. మాటకు ముందు మస్కట్, మాటకు వెనక మస్కట్. "మా ఆయనకు కడుపునొప్పి ఎన్నడు వొదలకపోయేది అక్కా. ఇప్పుడు మస్కట్‌ల పెద్ద డాక్టర్ల మందు వాడుతుండు" అని అందరికీ చెప్పేది. నాకు ఆమె మీద మంటగా ఉండేది. మా నాయిన దుప్పటి పంపలేదని నాకు లోపల కుళ్లు, దాచుకోను.

అట్లా ఉండగా ఆ అమ్మాయిలకు దేశంలో ఉండడానికి ఇచ్చిన కాగితాల గడువు దగ్గరపడింది. బొంబాయి వెళ్లి పొడిగించుకోవాలన్నారు. అమ్మ కళ్లు మెరిశాయి. సకినాలు చుట్టింది, మామిడికాయ తొక్కు పెట్టింది, రెండూ ఒక స్టీలు డబ్బాలో సర్ది, మూత ఊడకుండా గుడ్డ కట్టింది.

"దారిలనే గద బిడ్డా. గా బొంబాయి ఆఫీసుల ఇయ్యుండ్రి. దుబాయ్ పోయే మనిషితోని పంపుమనుండ్రి. పేరు వెట్టి చెప్పుండ్రి, మల్ల ఆఫీసోళ్లే తినేరు."

నేను అడ్రసు రాసిచ్చాను. వాళ్లు వెళ్లారు. శుక్రవారం తిరిగి వచ్చారు. వచ్చిన దగ్గర నుంచి చిన్నమ్మాయి మా ముఖం చూడడం లేదు. ఒంట్లో బాగాలేదేమో అని అమ్మ మిరియాల చారు చేసి పంపింది. పెద్దమ్మాయి డబ్బా సంగతి ఎత్తలేదు. ప్రయాణం బడలిక అనుకొని అమ్మ కూడా ఆగింది.

శనివారం మాపటికి అందరం అరుగు మీద కూర్చున్నాం. పెద్దమ్మాయి చేతిలో ఉత్తరం లేదు.

"ఈ వారం మా అమ్మకు ఇంక రాయలేదు. ముందుగాల మీకు చెప్పాలె. అమ్మా, లోపటికి రా, చెప్త" అంది.

"లోపటికెందుకే? ఈడ పరాయోళ్లు ఎవలున్నరు? చెల్లె మన మనిషే. చెప్పు, డబ్బ ముట్టిందా?" అంది అమ్మ. చిన్నమ్మ ముందు దుబాయ్ ముచ్చట వినపడాలని ఆమె సంబరం.

"ముట్టింది."

"ఆఫీసోళ్లు మంచిగ తీస్కున్నరా?"

"ఆఫీసు లేదు అమ్మా. సందుల మెట్లున్నయి. పైకి పోయి తలుపు కొట్టిన. నాయిన తలుపు తీసిండు."

"ఎవల నాయిన?"

ఆ పిల్ల చెయ్యెత్తి ఇంటి లోపలి గోడను చూపించింది.

నాకు ఇప్పటికీ ఆ చెయ్యి కనబడుతుంది. ఎండకు కందిపోయిన ఎర్రటి చెయ్యి, మా అమ్మ వేయించిన మట్టిగాజులు. వామ్మో, ఏమంటోంది ఈ పిల్ల? తెలుగు సరిగా రాక ఇట్లా అంటోంది, నేనే తప్పు నేర్పాను అనుకున్నాను ముందు. అమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, నా వైపు చూసింది.

"పని మీద దుబాయ్ నుంచి బొంబాయికి వచ్చి ఉంటడు" అంది అమ్మ మెల్లగా.

"లేదమ్మా. నేను అడిగిన. దుబాయ్ పోలేదు. ఒక్కనాడు సుత పోలేదు."

చిన్నమ్మాయి మోకాళ్ల మధ్య తలపెట్టుకొని ఏడ్చింది. పెద్దామె మాత్రం ఆగలేదు. నేను నేర్పిన పొట్టి పొట్టి మాటల్లో, పాఠం చెప్పినట్టే మొత్తం చెప్పింది. ఏజెంటు అందరినీ ఒక గదిలో పెట్టి, రేపు విమానమని చెప్పి మళ్లీ రాలేదట. నాయిన బట్టల బజారులో మూటలు మోస్తున్నాడట. దండలు వేసి పంపిన ఊరికి ఏ ముఖం పెట్టుకొని వస్తానన్నాడట. దుబాయ్ పోయి వచ్చినవాళ్లు దారిలో ఆ గదిలో ఒక పూట ఆగుతారట. వాళ్లు చెప్పిన ముచ్చట్లు విని ఒంటెలూ శుక్రవారం కోడికూరా మాకు రాసేవాడట.

"ఆయన నన్ను అడిగిండు, ఇంట్ల చెప్తవా అని. అమ్మ అడిగితె చెప్త అన్న. అడగకపోతె అన్నడు. అడుగుతది, డబ్బ ముట్టిందా అని అడుగుతది అన్న. నువ్వే ముందుగాల ఇంటికి పో, శనివారం మాపటిదాక చెప్పం అని చెప్పినం. ఆయన రాలేదు" అంది.

పెద్దమ్మాయి ఆగి, ఏదో గుర్తొచ్చి మళ్లీ అంది: "గా గదిల మస్తుమంది ఉన్నరు. జగిత్యాల, సిరిసిల్ల, వీర్నపల్లి, అందరు మన దిక్కోళ్లే. నేను ఇంగ్లీషుల మాట్లాడితె ఊకెనే చూసిన్రు. తెలుగుల మాట్లాడంగనే మొకాలు దాసుకున్నరు. తువ్వాళ్లు కప్పుకున్నరు. నాకు ఎందుకో తెల్వలేదు. కింద సందుల పులి దుప్పట్లు కుప్పలు వోసి అమ్ముతున్నరు, గక్కడ నిలవడి మేం ఏడ్చినం."

పక్కింటి చిన్నమ్మ లేచింది. కొంగు దులుపుకొని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఇక అయిపోయింది అనుకున్నాను. అన్నం ఉడికేలోపల వాడకట్టంతా పాకుతుంది ఈ ముచ్చట.

దుబాయ్‌లో మా నాయిన ఎక్కే చల్లటి బస్సు గురించి కాలేజీలో నేను చెప్పని పిల్ల లేదు. మా అరుగు మీద ఇద్దరు చూసింది చూసినట్టు రాశారు. బొంబాయిలో కూర్చొని మా నాయిన చూడనిది చూసినట్టు రాశాడు. ఎవరి మీద కోపం రావాలో తెలియక పెద్దమ్మాయి మీద పడ్డాను.

"ముట్టింది అని ఊకోవచ్చు గద! గింత చెప్పుమని నిన్నెవలు అడిగిన్రు?"

"అమ్మ రోజు గోడతోని మాట్లాడుతది. నేను రోజు చూడాలె. నాతోని గాదు" అంది. అప్పుడు కూడా నాకు జాలి కలగలేదు. గది ఖాళీ చేయండి అనాలనిపించింది.

అమ్మ ఒక్క మాట అడిగింది. "సకినాలు తిన్నడా?"

"మా ముందరనే తిన్నడు. నిలవడే తిన్నడు."

"నిలవడా?" అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. ఆయన్ను, ఏజెంటును, డప్పులు కొట్టినవాళ్లను, దండలు వేసినవాళ్లను, కొబ్బరికాయ కొట్టిన తన చేతిని. తిట్టి తిట్టి, లేచి, స్టూలు ఎక్కి ఫోటో దించింది. కొంగుతో తుడిచి సందుగలో పెట్టి తాళం వేసింది. గోడ మీద ఫోటో ఉన్నచోట నలుచదరంగా సున్నం తెల్లగా కనబడింది.

ఆదివారమంతా నేను తలుపు సందులోంచి వాడకట్టును చూస్తూ గడిపాను. ఎవరైనా నవ్వుతారేమో, ఎవరైనా వచ్చి గుచ్చి గుచ్చి అడుగుతారేమో అని. ఎవరూ రాలేదు. ఎవరికీ తెలిసినట్టే లేదు. చిన్నమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, అట్లాంటిది ఆమె ఎవరికీ చెప్పలేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. దండెం మీద పులి దుప్పటి కూడా లేదు.

సోమవారం పొద్దున అమ్మ నన్ను లేపి బట్టలు సర్దమంది. "బొంబాయి బస్సుకు పోతున్నం" అంది.

"పోయి ఏం చేస్తం అమ్మా?"

"పట్టుకొస్త. చెవు వట్టుకొని గుంజుకొస్త. రానంటె నేను సుత గాన్నే మూటలు మోస్త."

కోరుట్ల బస్టాండులో బొంబాయి నుంచి వచ్చిన బస్సే మధ్యాహ్నం మళ్లీ బొంబాయికి తిరిగి పోతుంది. మేం వెళ్లేసరికి అది అప్పుడే వచ్చి ఆగింది. పైనుంచి పెద్ద పెద్ద అట్టపెట్టెలు దింపుతున్నారు, తాళ్లు కట్టి, నాలుగు వైపులా పేర్లు రాసినవి. పెట్టెలవాళ్ల చుట్టూ చుట్టాలు మూగారు. ఆ గుంపు వెనక నుంచి ఒక మనిషి దిగాడు. సంచి లేదు, పెట్టె లేదు. చేతిలో మా స్టీలు డబ్బా ఉంది.

నేను గుర్తుపట్టలేదు. నిజం చెబుతున్నాను, కన్న తండ్రిని గుర్తుపట్టలేదు, డబ్బాను గుర్తుపట్టాను. ఆయన సగం అయిపోయాడు. మమ్మల్ని చూసి అక్కడే నిలబడిపోయాడు.

అమ్మ ఎదురుగా వెళ్లింది. కొడుతుందనుకున్నాను. డబ్బా తీసుకొని మూత తీసి చూసింది. కడిగి, తుడిచి తెచ్చాడు.

"శనివారం లోపల రమ్మన్నరట గద?" అంది.

"రెండుసార్లు బస్సెక్కి దిగిన" అన్నాడు నాయిన. "వెనకసందుకెల్లి పోదాం. జర చీకటి పడ్డంక..."

"ఎందుకు? దొంగతనం చేసినవా, ఎవలనన్న పొడిచినవా? నడిమి బజారుకెల్లే పోదాం. నడువు."

మిట్టమధ్యాహ్నం మేం ముగ్గురం నడిబజారులోంచి నడిచాం. ముందు అమ్మ, వెనక ఆయన, ఆ వెనక నేను. "ఎప్పుడొచ్చినవ్ మామా? సామాన్లేవి?" అని ఒకడు, "దుబాయ్ ఎట్లుంది?" అని ఒకడు. ప్రతివాడికీ అమ్మే జవాబు చెప్పింది, అదే మాట, అదే గొంతుతో: "దుబాయ్ పోలె. ఏజెంటు ముంచిండు. బొంబాయిల ఉండి అచ్చిండు." అడిగినవాడు నోరు తెరిచి అట్లాగే నిలబడేవాడు. నాకు భూమిలోకి దిగిపోతే బాగుండునని ఉంది. మా నాయిన మాత్రం నాలుగో మనిషి దాటాక తల కొంచెం ఎత్తాడు.

ఇంటి ముందు ఆ అమ్మాయిలిద్దరూ చేతులు కట్టుకొని భయంగా నిలబడ్డారు. పెద్దమ్మాయి అడిగింది: "అమ్మా, ఇది మా అమ్మకు రాయాల్నా వద్దా?"

"పేడనీళ్ల ముచ్చట రాసినదానివి, గిది రాయవా? రాయి. నాయిన గోడ మీదికెల్లి దిగిండని రాయి" అంది అమ్మ. ఆ పిల్ల అమ్మను కావలించుకుంది. అమ్మకు అట్లాంటివి అలవాటు లేవు, కర్రలా బిగుసుకుపోయి నిలబడింది.

మాపటికి నాయిన పీట మీద కూర్చొని అన్నం తింటున్నాడు. అమ్మ పక్కనే కూర్చొని తిట్టుకుంటూ వడ్డిస్తోంది. అప్పుడు పక్కింటి చిన్నమ్మ వచ్చింది. రెండు రోజుల తర్వాత మా గడప తొక్కడం అదే. కొంగు కింద ఏదో దాచుకుంది. నాయిన వైపు చూడలేదు.

"అక్కా, దొరసానులు మల్ల బొంబాయి ఎప్పుడు పోతరు?" అంది.

"కాగితాలకు మల్ల పిలుస్తరట. ఎందుకే?"

"ఊకెనే." కొంగు కింద నుంచి డబ్బా తీసి గోడవారగా పెట్టింది. గుడ్డ కట్టి ఉంది. "మస్కట్ ఆఫీసుల ఇయ్యాలె. దారిలనే గద."

నా చేతిలో ఒక చీటీ పెట్టింది. విప్పి చూశాను. కొత్తగా చదవడానికి అందులో ఏమీ లేదు. నేను ఇన్నాళ్లూ కవర్ల మీద రాసిన అడ్రసే. అదే సందు, అవే మెట్లు. అమ్మ నా ముఖం చూసి గరిట గిన్నెలో పెట్టేసింది. నాయిన కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేసి తల వంచుకున్నాడు.

చిన్నమ్మ గడప దాకా వెళ్లి ఆగింది. తలుపు చెక్క పట్టుకొని, అటు తిరిగే, మొదటిసారి మా నాయినతో మాట్లాడింది.

"బావా, ఆయన కడుపునొప్పి తగ్గిందా?"

"తగ్గింది" అన్నాడు నాయిన.